భవాని జీన్, నా తొందర

2006 నాటి సంగతి. సికింద్రాబాద్‌లో ఏ బస్సెక్కినా పక్కసీటువాళ్లు సాఫ్ట్‌వేర్ కోర్సుల గురించే మాట్లాడుకునేవారు. నేను మాత్రం సీతాఫల్‌మండి నుంచి ఒక ప్రైవేటు ల్యాబ్‌కు వెళ్లి, ప్లాస్టిక్ ప్లేట్లలో మనిషి కణాలు పెంచేదాన్ని. "అందరూ కంప్యూటర్లు నేర్సుకుంతంటే నీకీ సీసాలేటే?" అని మా అమ్మ రోజూ సణిగేది.

మా పనేమిటో చెబుతాను. ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ అంటే ఒక జీన్, అదే జన్యువు, నోరు నొక్కే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క. ఒక్కో జీన్‌కు మూడేసి ముక్కల చొప్పున వేల జీన్లకు తయారుచేసి పెట్టుకున్న సరుకును లైబ్రరీ అంటారు. ప్లేటులోని ఒక్కో గుంటలో ఒక్కో ముక్క వేస్తాం. ఇంట్లో ఒక్కో ఫ్యూజు పీకి ఏ దీపం ఆరిందో చూసినట్టే, ఏ జీన్ ఆగితే కణంలో ఏం చెడుతుందో చూస్తాం.

ఆ లైబ్రరీలో, దాని పనేమిటో ఎవరికీ తెలియని జీన్ ఒకటి ఉండేది. రెజిమెంటల్ బజార్‌లో స్టీలు సామాన్ల కొట్టు నడిపే నర్సింగరావు గారి కుటుంబం ఇచ్చిన రక్తంలో ఆ జీన్ లోపం బయటపడింది. ఆయన కూతురు భవానికి పద్నాలుగేళ్లు. చూపు ఏటేటా తగ్గిపోతోంది. ఆయన వారం వారం మా ల్యాబ్‌కు వచ్చేవారు.

"మందు అడుగుతలేను మేడమ్. గా జీన్ లోపల ఏం పని చేస్తదో గంతే చెప్పుండ్రి. బిడ్డకు ఎందుకు గిట్లయితుందో తెల్వక పరేషాన్ అయితున్న. నిద్ర సుత పడ్తలేదు."

ఒకరోజు ఆ జీన్ మీద వేసిన మొదటి ముక్కతో సిలియా, అంటే కణాల మీద ఉండే సన్నని వెంట్రుకలు, మాయమయ్యాయి. కంట్లో వెలుగును పట్టే కణాలకూ అవే ఆధారం. అసలే నా నోట్లో నువ్వుగింజ నానదు! మిగతా ముక్కలు వేసి చూడకుండానే "జీన్ పనేమిటో దొరికిందండీ" అని నర్సింగరావు గారికి ఫోన్ చేసేశాను. ఆయన మిఠాయి పట్టుకుని పరుగున వచ్చారు.

వారం తిరిగేసరికి మిగతా రెండు ముక్కల ఫలితమూ వచ్చింది. జీన్ ఆగింది, వెంట్రుకలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. మొదటి ముక్క దారితప్పి వేరే జీన్ నోరు కూడా నొక్కిందన్నమాట. దీన్ని ఆఫ్-టార్గెట్ అంటాం. సిగ్గుతో చచ్చిపోయాను.

కొట్టుకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. నర్సింగరావు గారు చేతిలోని పళ్లెం తుడుస్తూనే ఉన్నారు. "గట్లనా" అన్నారు, అంతే. పక్కనే కూర్చున్న భవాని గోడ పట్టుకుని గుమ్మం దాకా నాతో వచ్చింది.

"క్షమించమ్మా, తొందరపడ్డాను" అన్నాను.

"ఏం కాదక్కా. మా నాయన ఈ వారమంత గురక పెట్టి నిద్రపోయిండు. ఎన్నేండ్లయిందో గా గురక విని."

ఆ తర్వాత, రెండు వేర్వేరు ముక్కలు ఒకే మాట చెప్పేదాకా నేను ఏ ఫలితం గురించీ నోరు విప్పలేదు. ఇన్నేళ్లయినా ఆ జీన్ పేరుతో వ్యాసాలు వెతుకుతూనే ఉన్నాను. దాని పని ఇంకా తేలలేదు. తప్పుడు మాటతో ఆయనకిచ్చిన ఆ నిద్రను ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నిజంతో ఇవ్వాలని ఉంది.