అబ్బా నోట ఇన్షా అల్లా

మా గల్లీలో ఇన్షా అల్లా అంటే కాదు అని అర్థం. అరబ్బీలో దానికి ఏ అర్థమైనా ఉండనీయండి, జమ్మికుంటలో మా గల్లీలో మాత్రం అదే. టైలరు ఇన్షా అల్లా అన్నాడంటే ఆ పండక్కి పాత బట్టలే. పెళ్లికి పిలిచినప్పుడు ఇన్షా అల్లా వస్తాం అన్నవాళ్లకు ఎవరూ అన్నం వండించేవారు కాదు. ఈ సంగతి మా ముస్లింల ఇళ్లకే కాదు, మా వెనక వరసలో మరమగ్గాలు నడిపే వాళ్లకూ బాగా తెలుసు.

ఈ విద్యలో అందరికన్నా ఘనుడు మా నాన్న, మా అబ్బా. ఆటో నడుపుతాడు. మనసు వెన్న, ఎవరికీ మొహం మీద కాదనలేడు. కాదనలేడు కాబట్టే అందరికీ ఇన్షా అల్లా అనేవాడు. చిన్నప్పుడు నన్ను నిర్మల్ తీసుకెళ్లి కొయ్యబొమ్మలు కొనిస్తానని ఎన్ని పండగలకు అన్నాడో! చివరికి నన్ను నిర్మల్‌కే ఇచ్చి పెళ్లి చేశారు గానీ, దాన్ని నేను మాట నిలబెట్టుకోవడం కింద లెక్కేయను.

ఈ మధ్య ఒక రంజాన్‌కు పుట్టింటికి వచ్చాను. వచ్చేసరికి ఇంట్లో కొత్త గోల. అబ్బా ఖురాన్‌ను తెలుగు అర్థంతో చదవడం మొదలుపెట్టాడు. చిన్నప్పటి నుంచి అరబ్బీలో చదువుతున్నాడు, ఎన్నో సూరాలు, అంటే అధ్యాయాలు, కంఠతా వచ్చు, కానీ అందులో ఏముందో తెలియదు. చదువుకున్నది సర్కారు తెలుగు బడిలో. ఉర్దూ మాట్లాడతాడు గానీ చదవలేడు. మసీదులో ఎవరో తెలుగు అర్థం ఉన్న పుస్తకం ఇచ్చారట. ఇక చూడండి, రోజూ సాయంత్రం అసర్ నమాజ్ కాగానే కళ్లజోడు పెట్టుకుని కూర్చోవడం, ఏదో ఒకటి చదివి ఎగిరి గంతేసినట్టు వంటింట్లోకి రావడం! మా ఇంట్లో మాటలన్నీ ఉర్దూలోనే. అబ్బాకు హుషారు ఎక్కువైతే మాత్రం తెలుగులోకి దిగుతాడు. ఆ రంజానంతా తెలుగే.

ఎవరైనా సలాం చేస్తే అంతకన్నా మంచిగా బదులు చెప్పాలని ఒకనాడు చదివాడు. మర్నాడు పాలాయన మామూలుగా "నమస్తే భాయ్" అన్నాడు. అబ్బా ఆయన చెయ్యి పట్టుకుని, ఆయన బర్రెల దాకా పేరుపేరునా మంచి కోరి, దీవించి గానీ వదల్లేదు. ఆ తర్వాత పాలాయన గిన్నెలో పాలు పోసి చప్పుడు చేయకుండా పోయేవాడు. అమ్మీ నేనూ నవ్వలేక చచ్చాం.

ఒక శుక్రవారం సాయంత్రం నేను ఇఫ్తార్‌కు మిరపకాయ బజ్జీలు వేస్తున్నాను. అబ్బా పుస్తకం పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. మేం ప్రతి శుక్రవారం చదివే కహఫ్ సూరాలోనే ఉందట ఆ మాట. రేపు ఈ పని చేస్తానని ఊరికే అనేయొద్దు, అల్లా తలిస్తే, అంటే ఇన్షా అల్లా, అని కలిపి చెప్పాలి అని. దాని ముందు సూరాలో, ఇచ్చిన మాటను నిలబెట్టుకోండి, దాని గురించి మిమ్మల్ని అడుగుతారు అని ఉందట. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకునేసరికి అబ్బాకు చెమటలు పట్టాయి.

"గీ మాట పని తప్పిచ్చుకునెటందుకు కాదుర బిడ్డా! చేస్త అని గట్టిగ అనుకున్నోడే అనాలె. రేపు మన చేతుల లేదు గాబట్టి అల్లా పేరు కలపాలె. మనమేం జేసినం? ఆయన పేరు ముంగట వెట్టి ఎనుక దాక్కున్నం!"

"అయితే మన కిటికీకి జాలీ కొట్టిస్తవా?" అంది అమ్మీ, పిండి కలుపుతూనే. ఆ జాలీ కోసం ఆమె ఏళ్లుగా అడుగుతోంది.

అబ్బా నోరు తెరిచాడు. మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆగిపోయాడు. "జాలీ సంగతి జర ఆలోచించి చెప్త" అన్నాడు. ఇన్షా అల్లా అనలేదు! అమ్మీ చేతిలో పిండి చేతిలోనే ఉండిపోయింది. ఆ రోజు నుంచి అబ్బా ఆ మాటను నిజంగా చేయబోయే పనికి తప్ప వాడనని మాకు గట్టిగా చెప్పాడు. మాకు చెప్పాడు సరే, గల్లీకి చెప్పలేదు. అక్కడే వచ్చింది తంటా.

రెండు రోజులకు మేం పెద్దమ్మ అని పిలిచే వెనకింటామె తన చిన్న కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లాయన మరమగ్గం మీద కూలికి నేస్తాడు. ఈ పిల్ల నర్సింగు చదివింది. సర్కారు దవాఖానలో నర్సు ఉద్యోగానికి మర్నాడు పొద్దున కరీంనగర్‌లో పరీక్ష. ఈసారి రాకపోతే తనూ మగ్గాల దగ్గర కండెలు చుట్టడానికి కూర్చోవాల్సిందే. కోచింగుకు మళ్లీ పంపే తాహతు వాళ్లకు లేదు. నిమిషం ఆలస్యమైనా గేటు తీయరు.

"భాయ్, రేపు బస్సులు నిండి వస్తయి. జర నీ ఆటోల కరీంనగర్ దాక ఇడిసిపెడ్తవా?" అంది పెద్దమ్మ.

అబ్బా లేచి నిలబడ్డాడు. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఫికర్ చెయ్యకు అక్కా. ఫజర్ నమాజ్ కాంగనే మీ వాకిట్ల ఉంట. ఇన్షా అల్లా!"

అంత నిండుగా, అంత నిజంగా ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు. నా ఒళ్లు పులకరించింది. పెద్దమ్మ మొహం మాత్రం వాడిపోయింది. "సరే భాయ్, మంచిది" అని పిల్లను తీసుకుని వెళ్లిపోయింది. పరీక్ష దిగులేమో అనుకున్నాను.

తెల్లవారి అబ్బా మసీదు నుంచి రాగానే ఆటో తీశాడు. ఊరికే పోయిరావచ్చని నేనూ దుపట్టా సర్దుకుని ఎక్కాను. వెళ్లి చూస్తే పెద్దమ్మ ఇంటికి తాళం! వాకిలి ఊడుస్తున్న పక్కింటామె చెప్పింది.

"చీకటితోనే పోయిండ్రు. నువ్వు ఇన్షా అల్లా అన్నవంట గద? ఇగ రాడని, హుజూరాబాద్ పోయి బస్సు పట్టుకుంటమని పోయిండ్రు."

అబ్బా మొహం చూడాలి. చెంపదెబ్బ తిన్నట్టయిపోయాడు. "యా అల్లా, నేను నిజంగ అన్న గదనే!" అని ఆమెతో మొర పెట్టుకున్నాడు. ఆమె చీపురు పట్టుకుని ఆయన వైపు జాలిగా చూసింది. మరుక్షణం ఆటో ఎగిరింది. నేను రెండు చేతులా కడ్డీ పట్టుకున్నాను. పత్తి మార్కెట్ ముందు లారీల సందులోంచి, గుంతల్లోంచి, వచ్చిన దువాలన్నీ చదువుకుంటూ హుజూరాబాద్ చేరాం.

అక్కడ రోడ్డు మీద జాతరలా జనం. హనుమకొండ వైపు నుంచి వచ్చే బస్సులు నిండిపోయి ఆగకుండా పోతున్నాయి. హాల్ టికెట్ చేత్తో పట్టుకుని ఒక బస్సు వెనకాల పరుగెడుతోంది మా పిల్ల. వెనకాల చెప్పులు చేతబట్టుకుని పెద్దమ్మ. అబ్బా ఆ బస్సును దాటేసి, వాళ్ల ముందు అడ్డంగా ఆపాడు.

"ఎక్కుండ్రి! మాటలు తర్వాత!"

మానకొండూరు దాటాం. పిల్ల గడియారం వైపే చూస్తోంది. పెద్దమ్మ ఏడుపు గొంతుతో అంది, "తప్పుగ అనుకోకు భాయ్. ఇన్షా అల్లా అంటివి, రావనుకున్న."

"నీ తప్పేముందక్కా" అన్నాడు అబ్బా, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా. "గా అర్థం మీకు నేర్పిందే నేను. ఇన్నేండ్ల సంది నేర్పిన."

తీగల వంతెన మీద గాలి మొహానికి కొడుతుంటే కళ్లు తుడుచుకున్నాను. పరీక్ష కాలేజీ ముందు ఆటో ఆగేసరికి గేటు ఒక రెక్క అప్పటికే మూసి ఉంది. పిల్ల దూకి పరుగెత్తింది. వెనకాల అబ్బా అరిచాడు, "అయిపోయినంక ఈడ్నే ఉంట బిడ్డా! ఇన్షా అల్లా!" అది వెనక్కి తిరిగి ఒకసారి చూసింది, లోపలికి దూరింది. గేటు మూసుకుంది. నేనూ పెద్దమ్మా ఒకరినొకరు పట్టుకుని గెంతాం.

ఎండ ఎక్కింది. నేనూ అబ్బా రోజా ఉపవాసంలో ఉన్నాం, నాలుక పిడచకట్టుకుపోతోంది. పరీక్ష వదిలే వేళకు పోలీసాయన వచ్చి గేటు ముందు ఆటోలు ఉండొద్దని తరిమేశాడు. అబ్బా ఎంత బతిమాలినా వినలేదు. రెండు సందుల అవతల ఒక మిల్లు గోడ పక్కన పెట్టుకోవాల్సి వచ్చింది. నేను గేటు దగ్గరికి పోయి నిలబడదామనుకునేలోపే పరీక్ష వదిలేశారు. జనం ఒక్కసారిగా విరుచుకుపడ్డారు, అందులో పిల్ల ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? వాళ్ల ఫోను ఒక్కటే, అది పెద్దమ్మ దగ్గరే ఉంది.

"పోయే ఉంటది" అంది పెద్దమ్మ. "దాని దోస్తు వాళ్ల నాన్న కారుల వస్త అన్నడు. ఆటో కనబడకపాయె, మనం పోయినమనుకుంటది. పొద్దుగాల అయిందే మళ్ల అయితది."

అబ్బా తలకున్న టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు. జనం పలచబడ్డారు. కార్లు వెళ్లిపోయాయి. అప్పుడు సందు మలుపులో చెమటతో తడిసిన చున్నీతో, ప్రతి గోడ పక్కకూ తొంగి చూస్తూ వచ్చింది మా పిల్ల. మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది.

"దోస్తు కారుల పోలేదానే?" అంది పెద్దమ్మ ఆశ్చర్యంగా.

"ఎక్కుమన్నరవ్వా, నేనే ఎక్కలే" అంది అది ఆయాసపడుతూ. "కాక ఇన్షా అల్లా అన్నడు గదా. ఏడికి పోతడు?"

అబ్బా అటు తిరిగి ఆటో అద్దం తుడవడం మొదలుపెట్టాడు, అద్దం శుభ్రంగానే ఉంది. నేను మాత్రం ఆ రోడ్డు మీదే ఏడ్చేశాను, సంతోషంతో, పెద్దగా, సిగ్గు లేకుండా.