దయానందం దేశం చూపించే అరగంట

పడమరకు వికారాబాదు, తూర్పుకు పట్నంలో చార్మినారు. దయానందం కళ్ళారా చూసిన లోకం అంతే. అయినా మొయినాబాదులో బస్సు ఆగిందంటే చాలు, దిగిన ప్రతి ముసాఫిరుకూ దేశం మొత్తం చూపించనిదే వదిలేవాడు కాదు. అదే ఆయన జబ్బు. దానికి ఏ దవాఖానలోనూ మందు లేదని ఆయన భార్య శాంతమ్మ ఎప్పుడో తేల్చేసింది.

అది యుద్ధకాలం. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. పట్నం నుంచి మొయినాబాదు చేరేసరికి బస్సుకు ఆయాసం వచ్చేది. డ్రైవరు నర్సింహులు వెనక పొయ్యి కెలికి, బూడిద దులిపి, కొత్త బొగ్గు పోసి, దానికి మళ్ళీ ఊపిరి తెప్పించడానికి అరగంట పట్టేది. ఆ అరగంటా ముసాఫిర్లు దయానందం చాయ్ హోటల్లో ఖైదీలు. హోటలంటే ఒక పందిరి, రెండు బల్లలు, వెనక మట్టిగోడ, ఆ గోడ చాటున శాంతమ్మ పొయ్యి. చక్కెర కరువు కనుక బెల్లం చాయ్. గోడమీద దయానందం బొగ్గుతో గీసిన దేశపటం. అది కొందరికి మామిడికాయలాగా, కొందరికి మేక తలకాయలాగా కనిపించేది.

ముసాఫిర్లతో మాటలన్నీ ఉర్దూలో. శాంతమ్మకు గోడ అవతల నుంచి అన్నీ వినబడేవి, విని విని అర్థమయ్యేవి కూడా.

"సర్దార్జీ, మీ పంజాబుల ఇండ్లు వెదురు కాళ్ళమీద నిలబడి ఉంటయి గద?" అన్నాడు ఒకనాడు.

సర్దార్జీకి చాయ్ పొలమారింది. "ఇండ్లకు కాళ్ళా? మా నాయన కట్టిన గోడ రెండు మూరల మందం! ఏనుగొచ్చి గుద్దినా కదలదు!"

"అట్లనా? మరి పొద్దూమాపూ వానే పడుతదంట?"

"అంత వాన పడితే గోధుమలు ఎట్ల ఎండుతయయ్యా?"

సర్దార్జీ తన ఊరి కాలువ దగ్గర మొదలుపెట్టాడు. గోధుమచేలు దాటి, గేదెల సంగతి ముగించి, మేనత్త పెండ్లి దాకా వచ్చేసరికి నర్సింహులు హారను కొట్టాడు. ఆ పెండ్లి అయిందో లేదో మొయినాబాదుకు ఈనాటికీ తెలియదు.

ఇంకోనాడు మలబారు ఆయన దొరికాడు.

"మీ తాన పక్కింట్ల ఉప్పు అడగాల్నన్నా పడవ ఎక్కాలె గద?"

"మా ఇల్లు గుట్టమీద ఉన్నదయ్యా."

"అయ్యో, జర కింద పుట్టాల్సింది!" అని దయానందం నిజంగానే బాధపడ్డాడు. తర్వాత ఆ గుట్టమీది ఇంటికీ వెదురు కాళ్ళున్నాయా అని వాదం పెట్టుకున్నాడు.

ఒక మార్వాడీ సేటు శంషాబాదులోనే పుట్టాడట, మార్వాడు ముఖమే చూడలేదట. దయానందానికి జాలేసింది. ఇసుక, ఒంటెలు, నీళ్ళకు కోసుల దూరం నడిచే ఆడవాళ్ళు, అన్నీ దగ్గరుండి చూపించాడు. సేటు కళ్ళు తుడుచుకుని, "మా ఊరు మస్తు యాదికొస్తున్నది" అంటూ బస్సెక్కాడు.

శాంతమ్మకు ఇవేవీ నవ్వు తెప్పించలేదు. ఆదివారం చర్చి గుడిలో ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళు, "మీ ఇంటికి కాళ్ళు మొలిచినయా శాంతమ్మా?" అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. అంతకన్నా ఆమెను కలిచివేసింది బీరమ్మ.

బీరమ్మ పక్క వాడకట్టు ఆమె. రోజూ వచ్చి పొయ్యి పక్కన కూర్చుని కప్పులు కడిగిపెట్టేది. పాపం, ఉర్దూ ముక్క రాదు. ఒక్కగానొక్క కొడుకు సాముయేలు మిలటరీ లారీ నడపడానికి పోయి ఏడాదిన్నర అయింది. ఒకే ఒక్క ఉత్తరం వచ్చింది. దయానందమే వాళ్ళింటికి పోయి చదివిపెట్టాడు. శత్రువుకు తెలియకూడదని సర్కారువాళ్ళు ఊరి పేరుమీద నల్ల సిరా పూశారు. శత్రువు సంగతేమో గానీ తల్లికి తెలియకుండా పోయింది.

"యాడున్నడో తెల్వక నాలుగు దిక్కులకు తిరిగి ప్రార్థన చేస్తున్న తమ్మీ," అనేది బీరమ్మ. "ఒక్క దిక్కు చెప్పు, చాలు. తక్కిన మూడు దిక్కులకు పోయిన దీవెనలు ఎవని పాలైతున్నయో!"

దయానందం తల గోక్కుని, ముసాఫిర్ల దగ్గరికి పోయేవాడు.

ఒకరోజు శాంతమ్మకు ఓపిక తీరింది. "బీరమ్మ కండ్లల్ల నీళ్ళు పెట్టుకుంటుంటే నువ్వు ఇండ్లకు కాళ్ళు మొలిపిస్తున్నవా? ఊరంతా నవ్వుతున్నది, ఎర్కనా?"

"నవ్వనీ. నవ్వుతే పండ్లు రాలుతయా?"

ఆ మర్నాడే వికారాబాదులో క్రైస్తవ సభలకు పోతున్న ఒక పాస్టరు దిగాడు. బక్క మనిషి, మెత్తని మాట. దయానందం చాయ్ అందిస్తూ అలవాటు ప్రకారం అందుకున్నాడు. "అయ్యగారూ, మీ దిక్కు ఇండ్లు వెదురు కాళ్ళమీద ఉంటయి గద?"

"అవును," అన్నాడు పాస్టరు. "మీకెట్ల తెలుసు?"

గోడ అవతల శాంతమ్మ చేతిలో గంటె ఆగిపోయింది. ఇన్నాళ్ళలో ఆయనతో అవునన్న మనిషి లేడు. దయానందం జేబులోంచి నలిగిన కాగితం ముక్క తీశాడు.

"రాత్రింబగళ్ళు వాన?"

"అవును."

"వెదురు గొట్టంల అన్నం వండుతరు?"

"వండుతం."

"ఏడ అయ్యగారూ అది?"

"అస్సాం."

దయానందం గోడ చాటుకు పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, దొరికిండు! మన సాముయేలు అస్సాంల ఉన్నడు!"

శాంతమ్మ ఆ కాగితం లాక్కుంది. చదువు రాకపోయినా అవి సాముయేలు ఉత్తరంలోంచి రాసుకున్న ఊరి గుర్తులేనని అర్థమైంది. "గిదా నీ సంగతి? ఉట్టిగ అడిగితే కాదా?"

"అడిగిన శాంతమ్మా. ముందుగాల పదిమందిని అడిగిన. 'మా దిక్కు అంతా మంచిగనే ఉంటది' అని చాయ్ తాగి పోయిన్రు. వాని ఊరి గురించి తప్పు చెప్పు, తాత ముత్తాతల కాడికెళ్ళి చెప్తడు."

"నాకన్న చెప్పొద్దా?"

"నీకు చెప్తే అక్కకు చెప్పవా? దొరుకుతడో లేడో తెల్వకుండ ఆమెకు ఆశ ఎట్ల పెట్టాలె?"

శాంతమ్మకు కోపం రావలసిన చోట కడుపు నిండినట్టయింది. ఇన్నాళ్ళు ఈయన్ను ఎన్నెన్ని మాటలన్నదో తలుచుకుని సిగ్గుపడింది.

దయానందం బీరమ్మను భుజం పట్టి ఈశాన్యానికి తిప్పాడు. "ఇటు అక్కా. పట్నం దాటి, కలకత్తా దాటి, ఇంకా అటు." బీరమ్మ కొంగు సవరించుకుని, రోడ్డుమీదికి నడిచి, రెండు చేతులూ ఎత్తింది. అప్పుడే బండి కదిలించబోతున్న నర్సింహులు ఆగాడు.

"ఏందవ్వా, ఎక్కుతవా?"

"లేదు బిడ్డా. బండి జర పక్కకు తియ్యి. నా కొడుక్కు అడ్డమొస్తున్నవ్."

నర్సింహులు బస్సు పక్కకు తీశాడు.

వారం తిరగలేదు, ఆ కబురు విని చేవెళ్ళ నుంచి అంతమ్మ తన పెనిమిటి ఉత్తరం పట్టుకుని వచ్చింది. అందులోనూ నల్ల సిరానే. గుర్తులు రెండు: వీధినిండా ఒంటెలు, తాగే నీళ్ళు ఉప్పు. ఆ రోజు దయానందానికి గొంతు బొంగురుపోయి మాట పెగలడం లేదు. బస్సు వచ్చి ఆగింది. ఏనాడూ ముసాఫిర్ల ముందుకు రాని శాంతమ్మ చేతిలో గంటెతోనే బయటికొచ్చి, బల్లమీద కూర్చున్న బెంగాలీ బాబు ఎదుట నిలబడింది.

"బాబూ, మీ బంగాళంల వీధినిండ ఒంటెలే గద? చేప అంటే ఎట్లుంటదో ఎవ్వరికి తెల్వదంట?"

బెంగాలీ బాబు కప్పు కింద పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, బల్ల ముందుకు జరుపుకున్నాడు.