గునుగు గింజ రాలేదాకా

"పిచ్చి మొక్కలు గాదన్నా, గవి గునుగు పూలు. గింజ రాలేదాంక ఈ గుట్టమీద జేసీబీ నడప."

ఆ పిచ్చి మొక్కలు పీకి గుట్ట చదును చెయ్యమని నిన్న మా జేసీబీ ఓనరు అరిచినప్పుడు తలూపి వచ్చేశాను. చెప్పాల్సిన ఆ జవాబు ఇప్పుడు గుట్ట మీద కూచుని మీకు రాస్తున్నాను.

దోస్తులూ, బతుకమ్మకు మనం గునుగు కోసింది ఈ రాళ్ల మధ్యనే, యాదికుందా? బకెట్లో గులాబీ రంగు కలిపి పూలు ముంచితే మన చేతులు దసరా దాకా ఎర్రగానే ఉండేవి. ఒకసారి తొందరలో మొక్కలు వేళ్లతో సహా పీకాను. మా అవ్వ నా చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

"సగం కొయ్యి, సగం ఇడువురా. గింజ రాలకుంటె వచ్చే యాడాది ఏం పేరుస్తవ్?"

ఇందాక ఒక కంకి నలిపి చూశాను. గింజ ఇంకా పండి నల్లబడలేదు.

కింద ఓనరు బైకు ఆగింది. "బండి తాళమియ్యిరా!" అంటున్నాడు. జేసీబీ తాళం నా గుప్పిట్లో ఉంది. పోయి ఆ జవాబు చెప్పాలి.