బస్సులో మొదటి సీటు ఐలాది

మా స్కూలు బస్సుల గ్యారేజీకి ఉద్యోగం కోసం వచ్చేవాళ్లు మొదట జీతమెంత అని అడుగుతారు. క్రిస్టా నీమి అడగలేదు. తలుపు భుజంతో తోసుకుని లోపలికొచ్చి, చంకలోని పిల్లను నా బల్ల మీద కూర్చోబెట్టి, "మీ బస్సు వెనకాల రాసింది నిజమేనా?" అంది.

"ఏం రాసుందమ్మా?"

"డ్రైవర్లు కావలెను, మీ పిల్లల్ని వెంట తెచ్చుకోవచ్చు అని. ఇప్పుడే దాని వెనకాల కారు ఆపుకుని పదిసార్లు చదివాను. నాకు సరిగ్గా నిద్ర లేదు, కళ్లు మోసం చేశాయేమోనని అడుగుతున్నా."

"నిజమే తల్లీ."

"పిల్లకి డబ్బులు కట్టాలా?"

"అక్కర్లేదు. నీ వెనకే, మొదటి సీట్లో కూర్చుంటుంది."

ఈలోగా పిల్ల నా స్టేప్లర్ అందుకుని సెలవు చీటీలన్నిటినీ కలిపి కుట్టేసింది.

నా పేరు లొరేన్. అమెరికా ఉత్తరాన మంచు ఊరు డులూత్‌లో పుట్టి డులూత్‌లోనే ముసలిదాన్నయ్యాను. ఆ గ్యారేజీలో డ్రైవర్లతో మాట్లాడే వైర్‌లెస్ దగ్గర పందొమ్మిదేళ్లు కూర్చున్నాను. ఎంతోమంది డ్రైవర్లు వచ్చారు, పోయారు. క్రిస్టాలాగా ముందు పిల్లను, తర్వాత తనను పరిచయం చేసుకున్నవాళ్లు మాత్రం ఇంకెవరూ లేరు.

అప్పటికి ఆమెకు ఇరవై ఏడేళ్లు, ఐలాకు రెండున్నర. వృద్ధాశ్రమం వంటింట్లో పనిచేసేది. పిల్ల తండ్రి నార్త్ డకోటా చమురు బావుల్లో పని ఉందని వెళ్లాడు. మొదట వారానికోసారి ఫోను చేసేవాడు, తర్వాత నెలకోసారి, ఆ తర్వాత అతని నంబరే మారిపోయింది. క్రిస్టా తల్లి అరిజోనాలో కొత్త మొగుడితో స్థిరపడి, మనవరాలికి ఫోన్లో ముద్దులు పంపేది. ముద్దులతో పిల్లను చూసుకోవడం కుదరదు కదా.

పిల్లను వదిలే చోటు కోసం క్రిస్టా ఊరంతా తిరిగింది. కొండ మీది డేకేర్‌లో పధ్నాలుగు నెలలు ఆగమన్నారు. "కడుపుతో ఉన్నప్పుడే పేరు రాయించుకోవాల్సిందమ్మా" అందట అక్కడి మేనేజరమ్మ. "కడుపుతో ఉన్నప్పుడు నాకు మొగుడున్నాడండీ, ఇంత అవసరం పడుతుందని తెలీదు" అని వచ్చేసింది. ఇంకో చోట ఖాళీ ఉంది, కానీ వాళ్లడిగింది ఆమె ఇంటద్దె కన్నా ఎక్కువ. ప్రభుత్వ సాయానికి వెళ్తే, నెలకు అరవై డాలర్లు ఎక్కువ సంపాదిస్తున్నావు, నీకు రాదన్నారు. మూడో చోటు ఒకావిడ ఇల్లు. ఒక్క మనిషి, పదకొండు మంది పిల్లలు, ఒక టీవీ. ఐలా రెండో రోజే ఎవరి చెప్పులో వేసుకుని ఇంటికొచ్చింది, అవి కూడా రెండూ ఎడమ కాలివే.

చివరికి కింది వాటాలో ఉండే గ్లాడిస్ ముందుకొచ్చింది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. "నా ఒంటరితనానికి తోడు, నువ్వు డబ్బులివ్వక్కర్లేదు, వారానికోసారి తియ్యటి ఆపిల్ పై కాల్చిపెట్టు" అంది. మనసు వెన్న. పిల్లకు పేకాట నేర్పింది. ఓడిపోయినప్పుడు తను తిట్టే తిట్లు కూడా పిల్ల తనంతట తనే నేర్చుకుంది. అన్నీ బాగానే ఉండేవి కానీ, గ్లాడిస్‌కు మధ్యాహ్నం కునుకు పడితే పిడుగు పడ్డా లేవదు. ఓ రోజు క్రిస్టా పని నుంచి వచ్చేసరికి ఆవిడ కుర్చీలో గురక పెడుతోంది, ఐలా ఆవిడ కట్టుడు పళ్లకు వేరుశనగ వెన్న పూస్తోంది. పొయ్యి మీద ఖాళీ గిన్నె ఎర్రగా కాలుతోంది.

ఇద్దరూ క్షేమం. కానీ మర్నాటి నుంచి ఏం చెయ్యాలి? నాలుగు రోజులు వాళ్లనీ వీళ్లనీ బతిమాలుతూ పనికి ఆలస్యంగా వెళ్లింది. ఇంకోసారి ఇలా అయితే రానక్కర్లేదని అక్కడ చెప్పేశారు. ఐదో రోజు పొద్దున్నే మా బస్సు ఒకటి ఎర్ర దీపాలు వెలిగించి, పిల్లల్ని ఎక్కించుకుంటూ ఆమె కారు ముందు ఆగింది. దాని వెనక రాసింది చదివి, బస్సు కదిలాక, వంటింటికి వెళ్లాల్సిన కారును క్రిస్టా మా గ్యారేజీ వైపు తిప్పింది.

పని నేర్పడానికి ఆమెను ఆర్విడ్‌కు అప్పగించారు. ముప్పై ఏళ్ల అనుభవం, రోజుకు ముప్పై మాటలు, అంతే ఆయన. క్రిస్టా అంతవరకూ నడిపింది డొక్కు చిన్న కారు. నలభై అడుగుల బస్సు ఎక్కేసరికి మొహం పాలిపోయింది.

"మీరేమీ చెప్పరా?" అంది.

"నువ్వు ముందు వెళ్తావు. బస్సు నీ వెనక వస్తుంది" అన్నాడు ఆర్విడ్.

"అంతేనా?"

"దానికి తొందర లేదు. నీకూ ఉండకూడదు."

పని నేర్చుకున్న మూడు వారాలూ ఐలా నా దగ్గరే ఉండేది. మైకు ముట్టుకోకూడదని చెప్పాను. ముట్టుకోలేదు, దానికి ముద్దులు పెట్టేది. వైర్‌లెస్‌లో ముద్దుల చప్పుడు విని డ్రైవర్లు, "లొరేన్, నీకీ వయసులో ఇదేం బుద్ధి?" అని వెక్కిరించేవాళ్లు.

నడపడం ఎలాగో వచ్చేసింది. తంటా అంతా లైసెన్సు కోసం పెట్టే నోటి పరీక్షతోనే. బస్సులో ఒక్కో భాగాన్నీ ముట్టుకుని, దాని పేరు, అది బాగుందో లేదో ఎలా తెలుస్తుందో వరసగా అప్పజెప్పాలి. వందకు పైనే ఉంటాయి. మొదటిసారి పరీక్షలో క్రిస్టా ఎయిర్ బ్రేకుల దాకా వచ్చి తడబడింది. పరీక్ష తప్పింది. ఆడవాళ్ల గదిలో తలుపేసుకుని ఏడ్చింది. ఆర్విడ్ బయట నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"నేను మూడుసార్లు తప్పాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నువ్వు చెప్పావంటే నీ చేత బస్సులన్నీ కడిగిస్తా."

లోపల ఏడుపు ఆగింది. "మూడుసార్లా?" అని వినిపించింది.

"నాలుగు" అని ఆయన వెళ్లిపోయాడు.

ఆ వారం సాయంత్రాలు ఐలాకు నీళ్లు పోస్తూ క్రిస్టా పాఠం వల్లె వేసేది. పిల్ల నీళ్లు కొడుతూ దానికొక బాణీ కట్టేసింది. రెండోసారి పరీక్షకు వెళ్లినప్పుడు క్రిస్టా చక్రం చక్రానికీ వంగి కూనిరాగం తీస్తుంటే పరీక్షాధికారిణి ఆపింది.

"ఏమిటి గొణుగుతున్నారు?"

"పాటండీ. మా అమ్మాయి కట్టింది. పాడకపోతే గుర్తు రాదు."

ఆవిడ కలం పక్కన పెట్టింది. "అయితే కాస్త గట్టిగా పాడండి, నాకు వినపడాలి కదా!"

క్రిస్టా పాసయింది.

అలా ముప్పై ఒకటో నంబరు బస్సు ఆమెది, అందులో మొదటి సీటు ఐలాది అయింది. కారు సీటులో బెల్టు బిగించుకుని, మహారాణిలా ఎక్కేవాళ్లందరినీ పేరు పెట్టి పిలిచేది. రెండు నెలల్లో ముప్పై ఎనిమిది మంది పేర్లూ దానికి వచ్చేశాయి. ఎవరైనా రాకపోతే, "అమ్మా, ఆగు! డెస్మండ్ రాలేదు!" అని కేకేసేది. నిజంగానే ఆ డెస్మండ్ ఒక చేతిలో బూటు, నోట్లో రొట్టె ముక్క పెట్టుకుని పరుగెత్తుకొచ్చేవాడు. పొద్దుటి ట్రిప్పుకీ సాయంత్రం ట్రిప్పుకీ మధ్య తల్లీకూతుళ్లు ఇంటికెళ్లి అన్నం తిని పడుకునేవాళ్లు. జీతం వృద్ధాశ్రమం కన్నా కాస్త తక్కువే కానీ, అది పూర్తిగా ఇంటికి చేరేది.

జనవరిలో ఓ పొద్దున, రోడ్ల మీద ఇసుక చల్లే లారీలు అన్ని వీధులకీ తిరక్క ముందే సన్నటి వాన పడి గడ్డకట్టింది. కొండ వాలు మీద కట్టిన ఈ ఊళ్లో వీధులు నిచ్చెనలు. అద్దంలా మెరిసే నిచ్చెన మీద బస్సు ఎలా ఎక్కుతుంది?

"లొరేన్, ముప్పై ఒకటి మాట్లాడుతున్నా" అంది వైర్‌లెస్‌లో క్రిస్టా. "కొండ సగంలో ఉన్నా. బస్సు పైకి పోవట్లేదు. కిందికి నేను పోనివ్వట్లేదు."

"అలాగే పట్టుకో. ఇసుక లారీని పంపుతున్నా. అరగంట పడుతుంది."

"అరగంటా!"

వెనకాల పిల్లల ఏడుపులు వినిపించాయి. ఒకడు మొదలుపెడితే చాలు, జలుబులా అంటుకుంటుంది. అంతలో ఒక చిన్న గొంతు కంచులా మోగింది.

"అందరూ పిర్రలు సీటుకి ఆనించండి! వీపులు వెనక్కి!"

అచ్చం క్రిస్టా మాటే, క్రిస్టా స్వరమే. ఏడుస్తున్నవాళ్లలో ఎవరో పకపకా నవ్వారు. ఆ తర్వాత ఐలా బ్రేకుల పాట ఎత్తుకుంది. దాని నోట రోజూ వినేదే కాబట్టి బస్సులో అందరికీ వచ్చు. 'గొట్టాలు కారవు, బోల్టులు వదులవవు' అంటూ ముప్పై ఎనిమిది మంది పాడుతుంటే క్రిస్టా మైకు ఆపడం మరిచిపోయింది, నేనూ గుర్తు చెయ్యలేదు. అది విని మిగతా బస్సుల్లోంచి ఒక్కొక్క డ్రైవరూ గొంతు కలిపారు. ఆర్విడ్ కూడా. ఆయనకు శ్రుతి లేదని ఆ రోజే తెలిసింది. ఇసుక లారీ వచ్చేసరికి వాళ్లు తొమ్మిదోసారి పాడుతున్నారట.

మరుసటి వసంతంలో కొత్త మేనేజరు బ్రెంట్ వచ్చాడు. వచ్చిన పదో రోజున గోడకు కాగితం అంటించాడు: ఇన్సూరెన్సు కారణంగా వచ్చే నెల నుంచి డ్రైవర్లు సొంత పిల్లల్ని బస్సెక్కించరాదు. మాలో ఐదుగురు డ్రైవర్లకు అలా పిల్లలున్నారు. విశ్రాంతి గదిలో తేనెతుట్టె కదిలినట్టయింది. ఇద్దరు పని మానేస్తామని అక్కడికక్కడే బస్సు తాళాలు బల్ల మీద పెట్టేశారు.

క్రిస్టా మాత్రం బ్రెంట్ గదిలోకి వెళ్లింది. తలుపు తీసే ఉంది కనుక నేను విన్నాను, లేకపోయినా వినేదాన్నే.

"ఆ ఇన్సూరెన్సు కాగితం ఒకసారి చూడొచ్చా అండీ?"

"అది డెబ్బై పేజీలుంటుంది."

"పర్లేదు, మధ్యాహ్నం ఖాళీయే."

ఐలాను ఒళ్లో పడుకోబెట్టుకుని రెండు మధ్యాహ్నాలు చదివింది. మూడో రోజు పొద్దున అందరి ముందూ నలభై మూడో పేజీ తీసి చూపించింది. పిల్లలుండకూడదని ఎక్కడా లేదు. బిడ్డ వయసుకు తగిన సీటు ఉండాలి, ప్రయాణికుల జాబితాలో పేరుండాలి, అంతే. ఐదుగురి పిల్లల పేర్లూ, సీట్ల వివరాలూ అప్పటికే రాసి తెచ్చింది.

బ్రెంట్ చెవులు ఎర్రబడ్డాయి. మనిషి చెడ్డవాడు కాదు. "నేను ఇంతవరకూ చదవలేదండీ. పైనుంచి ఎవరో చెప్తే అంటించేశాను" అన్నాడు.

"ఎవరూ చదవరు బాబూ" అన్నాడు ఆర్విడ్. "చదివితే మనకు అర్థమవుతుందేమోనని వాళ్లకు భయం."

గోడ మీది కాగితం బ్రెంటే చింపేశాడు. తాళాలు పెట్టేసిన ఇద్దరూ ఏమీ ఎరగనట్టు తీసుకుని జేబులో వేసుకున్నారు. సాయంత్రం బ్రెంట్ నా బల్ల దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "మా ఆవిడకు ఆగస్టులో పురుడు. బస్సు లైసెన్సుకు ఎన్నాళ్లు పడుతుందండీ?" అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. కాదు, నిజంగానే అడిగాడు.

ఐలా ఐదేళ్లు నిండాక కిండర్‌గార్టెన్‌లో చేరింది. మొదటి రోజు బడి ముందు దిగి, వెనక్కి కూడా చూడకుండా డెస్మండ్ చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. క్రిస్టా బస్సు గ్యారేజీలో పెట్టి నా గదిలోకి వచ్చింది. ఇంటికి వెళ్లాల్సిన పని లేదు, ఎవరికీ ఏమీ తినిపించక్కర్లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చుంది. కాఫీ పోసిచ్చాను. ఒక గుక్క తాగి కప్పు వైపు అనుమానంగా చూసింది.

"ఏమైందే?"

"వేడిగా ఉంది" అంది. "కాఫీ ఇంత బాగుంటుందా లొరేన్?"

ఇంకో కప్పు అడిగింది. అది సగం తాగేలోపే కుర్చీలో నిద్రపోయింది. నా కోటు తీసి కప్పాను. వైర్‌లెస్ శబ్దం తగ్గించాను. సాయంత్రం ట్రిప్పుకు ఇంకా నాలుగు గంటలు టైముంది.