కన్నబిడ్డను చెల్లె బిడ్డంటిని

నా బిడ్డకు సర్కారు బళ్లె సీటు రాకుండ అడ్డం పడ్డది ఎవరో కాదు, నేనే. ఏ ఆఫీసరూ కాదనలే, ఏ కాగితమూ తక్కువ పడలే. నా నోరొక్కటే ఎక్కువైంది. ఎంత ఎక్కువైందో చెప్త, కడుపునిండ నవ్వుకోండ్రి. మా లిల్లీ ముంగట మాత్రం నవ్వకుండ్రి. ఇప్పుడు నాలుగో తరగతి, పౌరుషం జర ఎక్కువ.

అప్పట్ల నేను ఏర్‌పోర్టుల ఊడ్చి తుడిచే పని చేస్తుంటి. ఆడ మైకుల ఒకటే మాట: ఎవరిదో తెల్వని బ్యాగు ముట్టకుండ్రి, అనుమానమొస్తే చెప్పుండ్రి. ఏండ్ల తరబడి గా మాట చెవుల పడీ పడీ, అనుమానం నా ఒంట్లె నెత్తురు లెక్క తిరుగుతుండె. పాలాయన నవ్వితే పాలల్ల నీళ్లు కలిపిండనుకుంటి. నవ్వకుంటే ఇంకిన్ని కలిపిండనుకుంటి.

మేం ఉండేది శంషాబాద్‌ల కిరాయి ఇంట్ల. ఓనరు యాదగిరి సాబ్ బడంగ్‌పేట్‌ల ఉంటడు. ఇల్లు ఇచ్చేటప్పుడే వేలు లేపి చెప్పిండు: "మొగుడు, పెండ్లాం, ఒక్క పిల్ల. గంతే. బోరుల నీళ్లు లేవు."

సరే అన్నం. అప్పుడు మా దగ్గర పెద్దబిడ్డ ఒక్కతే ఉండె. చిన్నది లిల్లీ, పాల్మాకులల మా అమ్మ దగ్గర పెరుగుతుండె. నా డ్యూటీ ఒకరోజు పగలు, ఒకరోజు రాత్రి. ఇద్దరిని చూసుకునుడు చాతకాలే. ఆ ఎండకాలం నాకు పగటి డ్యూటీ దొరికింది, లిల్లీకి ఐదేండ్లు నిండినయ్. ఇగ నా దగ్గర్నే ఉండి, మా గల్లీ చివర సర్కారు బళ్లె ఒకటో తరగతి చదవాలని తెచ్చుకున్న. ఓనరుకు మాత్రం చెప్పలే. ఆయన బోరు మోటరు చూస్తానికొస్తే లిల్లీ మంచం కిందికి పోవాలె, గదీ ఏర్పాటు. సీటు దొరికినంక నిదానంగ చెప్పొచ్చనుకున్న. సీటు దొరకకుంటే మాత్రం పిల్ల మళ్ల పాల్మాకులకే. మూడేండ్లు దూరమున్న బిడ్డ, నా మీద చెయ్యేసుకొని పండుకునుడు అప్పుడప్పుడే అలవాటైతున్నది.

జూన్ ఎక్కంగనే ఒక మేడం, ఒక సారు తలుపు కొట్టిండ్రు. చేతిల రిజిస్టరు, పెన్ను.

"అమ్మా, మీ ఇంట్ల పిల్లలెంతమంది?"

బడిబాట అని జూన్‌ల టీచర్లే ఇల్లిల్లు తిరిగి పిల్లల్ని బడికి పిలుస్తరు. ఊరంత ఎరుకే. నాకూ ఎరుకనే. కాని నాకు ముందుగాల అనుమానమొస్తది, తెలివి ఎనక బస్సుల వస్తది. వీళ్లు ఓనరు పంపిన మనుషులే అనుకున్న.

"ఒక్కతే బిడ్డ. ఏడో తరగతి," అన్న.

గప్పుడే లిల్లీ రొట్టె నములుకుంట బయటికొచ్చింది.

"మరి ఈ పాప?" మేడం వంగి బుగ్గ పట్టుకున్నది.

"మా చెల్లె బిడ్డ. చూసి పోతానికి వచ్చింది. రేపే పోతది."

"ఎక్కడికి పోత మమ్మీ?" అన్నది లిల్లీ.

"చూసిండ్రా మేడం, పెద్దమ్మను గూడ మమ్మీ అంటది. ప్రేమ ఎక్కువ."

మేడం నా దిక్కు ఒక చూపు చూసి, "ఒకటో తరగతిల రెండే సీట్లు మిగిలినయ్. ఈ ఈడు పిల్లలు ఎవరన్న ఉంటే చెప్పమ్మా," అన్నది.

సీటు ఆశ పెట్టి నోరిప్పిస్తున్నరే! నా అనుమానం సిమెంటు లెక్క గట్టిపడ్డది. "మా ఇంట్లనే కాదు మేడం, మా గల్లీలనే ఈ ఈడు పిల్లలు లేరు," అన్న. సారు ఎనక ఆరుగురు పిల్లలు అరుసుకుంట ఉరుకుతున్నరు. పాపం, సారు నేను చెప్పిందే రాసుకున్నడు.

సోమవారం లిల్లీకి నూనె రాసి, రెండు జడలేసి బడికి తీస్కపోయిన. బల్ల ముంగట ఎవరు కూసున్నరంటరు? ఆ మేడమే.

"మీ చెల్లె బిడ్డ గదా? రేపే పోతదంటివి?"

గప్పుడన్న నిజం చెప్పొచ్చు గదా అంటరు మీరు. చెప్పేదాన్నే. కాని మేడం పక్కన ఫోను ఉన్నది. ఓనరుకు చేస్తదేమో!

"ఔ మేడం. ఈడ్నే చదివిద్దమనుకున్నం."

"మంచిది, వాళ్లమ్మను తీస్కరా. కాగితాలు తర్వాత ఇచ్చినా తీసుకుంటం. అమ్మే లేకుండ ఎట్ల తీసుకుంటం?"

బుద్వేల్‌ల ఉన్న మా చెల్లె రూతుకు ఫోన్ చేసిన.

"నాకు పెండ్లే కాలే గదనే అక్కా, ఐదేండ్ల బిడ్డేంది?"

"ఒక్క గంట తల్లివి గా. సంతకం పెట్టి మళ్ల ఎప్పటి లెక్క ఉండు."

"ప్రభువు చూస్తలేడానే?"

"ప్రభువు చూస్తడు. ఓనరుకైతే చెప్పడు గదా!"

తెల్లారి ముగ్గురం హెడ్‌సారు రూముల నిలవడ్డం. మేడం పక్కనే ఉన్నది. "ఒక సీటు పొద్దుగాల్నే పోయింది, ఇగ ఒక్కటే ఉన్నది. బయట ఇంకొకరు కూసున్నరు," అని సారు రూతు దిక్కు తిరిగిండు. "పాప ఎప్పుడు పుట్టింది తల్లీ?"

"వానాకాలం," అన్నది రూతు.

"ఎండకాలం," అన్న నేను, అదే గడియల.

సారు పెన్ను కింద పెట్టి, "మీ అమ్మ ఎవరు బిడ్డా?" అని లిల్లీనే అడిగిండు.

"ఇయ్యాల ఒక్కరోజు చిన్నమ్మ సార్. రేపటి నుంచి మళ్ల మమ్మీ."

సారు కండ్లద్దాలు తీసిండు. "ఎవరి పిల్ల ఈమె? ఎక్కడికెళ్లి తెచ్చిండ్రు? మేడం, పోలీసులకు చెప్పుడే మంచిదేమో!"

రూతు అప్పటికే ఏడుస్తున్నది. నేను ఆమెకంటె గట్టిగ మొదలువెట్టి, కిరాయి ఇంటి నుంచి మంచం కింది దాక అంతా కక్కేసిన.

సారు మెత్తవడలే. "మొన్నొక మాట, నిన్నొక మాట, ఇయ్యాలొక మాట. నేనేది నమ్మాలె? మీ ఓనరుతోని మాట్లాడియ్యి. ఒక్క పిల్లకే ఇల్లిచ్చిన అన్న మాట నిజమో కాదో ఆయన చెప్పాలె."

ఎవరి నుంచి దాసిన్నో, ఆయనతోనే సాక్ష్యం! ఇల్లు పోతదా, సీటు పోతదా? లిల్లీ నా కొంగు పట్టుకొని నిలవడ్డది. ఇల్లు పోతే పోనీ అనుకొని, కండ్లు మూసుకొని ఫోన్ చేసిన. సారు స్పీకరు పెట్టుమన్నడు.

"సాబ్, తప్పయింది. నాకు ఇంకో బిడ్డ ఉన్నది."

"లిల్లీయే గదా?" అన్నడు యాదగిరి సాబ్.

"మీకెట్ల ఎరుక సాబ్?" అన్న.

"మోటరు చూస్తానికొస్తే, మంచం కిందికెళ్లి తలకాయ బయట పెట్టి, 'తాతా, నన్ను చూసినట్టు మా మమ్మీకి చెప్పకు, పరేషానైతది' అన్నది. సరే బిడ్డా అన్న. నువ్వు నాకు తెల్వకుండ దాస్తున్నవ్, నేను నీకు తెల్వనట్టు దాస్తున్న. గంత చిన్న పిల్ల తాగే నీళ్లెన్ని అమ్మా? ముందుగాల బళ్లె ఎయ్యి."

హెడ్‌సారు నవ్వాపుకోలేక రిజిస్టరు మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. ఆఖరి సీటు లిల్లీదే ఐంది. తల్లి పేరు కాడ మేడం నన్ను మూడుసార్లు అడిగి మరీ రాసింది.

గా దినం బడి గేటు కాడనే ఒట్టు పెట్టుకున్న: ఈ జన్మల కన్నబిడ్డను కాదనను, పెండ్లి కాని చెల్లెను తల్లిని చెయ్య. ఇగ చేతిల పెన్నుతోని ఎవరు తలుపు కొట్టినా, వాళ్లు నోరు తెరవకముందే చెప్తున్న: "ఇద్దరు బిడ్డలు. ఇద్దర్నీ నేనే కన్న. మా చెల్లెకు పిల్లలు లేరు."

మొన్న ఒకాయన ఇదంత నిలవడి ఓపికగ విని, "సంతోషం అక్కా. నేను కరెంటు మీటరు చూస్తానికొచ్చిన," అన్నడు.