సింథటిక్ ఆయిలూ అమావాస్య నిమ్మకాయలూ

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నాయన డ్రైవరు. సొంత కారు బాడుగకు తిప్పి బతికేవాడు. దాని ఇంజను పట్టేసిందట.

"మామూలు ఆయిలు మాని, శానా ఖరీదు సింథటిక్ పోయిస్తినప్పా. ఏడాది దాకా చూసే పనే లేదనిరి. ఆ ధైర్యంతో అమాసకు నిమ్మకాయలు కట్టేది గూడా ఇడిస్తి."

"మధ్యలో గేజి తీసి ఆయిలెంత ఉందో చూడలేదా?"

"అంత మంచి ఆయిలు పోసినాక ఇంగ చూసేదేందప్పా?"

పాత ఇంజను ఏ ఆయిలునైనా తాగేస్తుందని, వారానికోసారి మట్టం చూసుకోవాలని ఊరొచ్చేదాకా చెప్పాను. ఆయన శ్రద్ధగా తలూపాడు.

దిగుతూ అన్నాడు: "నిజమేప్పా. నిమ్మకాయలు ఇడవకుండా ఉండాల్సింది."

ముప్పై ఏళ్లుగా మూఢనమ్మకాల మీద సభల్లో మాట్లాడుతున్నాను. ఇప్పుడు ఎదుట ఎవరైనా తలూపితే, ఏం అర్థమైందో చెప్పమని అడుగుతున్నాను.