దమయంతమ్మగారి కాపలా

దమయంతమ్మగారు ఏలూరులో ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం రిటైరైంది గానీ అనుమానం కాలేదు. తలుపు చప్పుడైతే ఎవరో, కాకపోతే ఎందుకు కాలేదో కనుక్కుంటే గానీ ఆవిడకి ముద్ద దిగదు. అలాంటి మనిషి 2009 నవంబరులో అమెరికాలో, చికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో కూతురింట్లో దిగి, ఇంకా సూట్‌కేసు తాళం కూడా తియ్యకుండానే, బేస్‌మెంట్ మెట్లెక్కి వస్తున్న ఆరడుగుల తెల్లకుర్రాణ్ణి చూశారు. తడి జుట్టు, పై పెదవి మీద కుట్లు, చేతిలో పాల డబ్బా.

"ఎవరే వీడు?" అన్నారు కూతురు విజయశ్రీతో.

"రాడిమ్ అమ్మా. చెక్ దేశం అబ్బాయి, ఐస్ హాకీ ఆడతాడు. ఈ సీజనంతా మనింట్లోనే, కింద గదిలో ఉంటాడు."

"పదిహేనేళ్ళ ఆడపిల్ల ఉన్న కొంపలోనా! మీ బుద్ధులు గడ్డి తిన్నాయా?"

అల్లుడు అమర్‌నాథ్ నవ్వేశాడు. ఆయన పేరుకి సాఫ్ట్‌వేర్ ఇంజనీరు గానీ, చికాగో చలికి క్రికెట్ పిచ్చి పోయి హాకీ పిచ్చి పట్టుకుంది. "ఇక్కడ పద్ధతే అంత అత్తయ్యా. జూనియర్ టీముల్లో బయటినుంచి వచ్చే కుర్రాళ్ళకి హాస్టళ్ళుండవు. ఊళ్ళో ఒక్కో కుటుంబం ఒక్కొక్కణ్ణి ఇంట్లో పెట్టుకుంటుంది. తిండీ, గదీ మనం ఇవ్వాలి."

"అంటే వారాలబ్బాయన్నమాట."

"వారాలు కాదు, ఏడు రోజులూ మన దగ్గరే."

"మరీ బావుంది. ఏడిళ్ళవాళ్ళు కనిపెట్టుకోవాల్సినవాణ్ణి మీరొక్కరే నెత్తికెక్కించుకున్నారు."

వాడి చరిత్రంతా అమర్‌నాథే చెప్పాడు, సొంత మేనల్లుడి గురించి చెప్పినంత సంబరంగా. ప్రెరోవ్ అని ఎక్కడో రైల్వే ఊరట. తండ్రి యార్డులో పనిచేస్తాడట. నాలుగో ఏట కాళ్ళకి స్కేట్లు కట్టి మంచు మీద వదిలారు, పదిహేడో ఏట విమానమెక్కించి అమెరికాకి వదిలారు. మొదటి ఏడాదంతా బెంచీ మీదే కూర్చున్నాడు. భాష రాదు. ఇక్కడి రింకు, అదే ఆ మంచు మైదానం, వాళ్ళ ఊరి రింకు కంటే ఇరుకు. బంతికి బదులు ఆడే ఆ నల్లబిళ్ళ అందుకుని తల తిప్పేలోపే ఎవడో వచ్చి చుట్టూ ఉన్న గోడకేసి గుద్దేవాడు. రెండో ఏడు, అంటే ఇప్పుడు, ఆ ఇరుకులోనే దూరడం నేర్చాడు, గోల్స్ మీద గోల్స్ కొడుతున్నాడు.

"జూన్‌లో డ్రాఫ్ట్ అని ఉంటుంది అత్తయ్యా. పెద్ద పెద్ద టీములు ఈ కుర్రాళ్ళని పేరు పెట్టి పిలిచి తీసుకుంటాయి. అందులో పేరొచ్చిందా, వాడి జన్మ ధన్యం. లేదంటే మళ్ళీ ప్రెరోవ్, తండ్రి పక్కన యార్డులో పని."

ఇంతలో ఆ కుర్రాడు దగ్గరికొచ్చి, చేతులు రెండూ జోడించి, నడుం సగానికి వంచి, "నమస్తే అమ్మమ్మా" అన్నాడు. మనవరాలు జాహ్నవి నేర్పిందట. దమయంతమ్మగారు కళ్ళద్దాలు సర్దుకుని ఎగాదిగా చూశారు. అతి వినయం ధూర్త లక్షణం అని ఊరికే అన్నారా పెద్దలు!

ఇక ఆ రోజు నుంచీ కాపలా మొదలైంది. వాడు ఎన్నింటికి వెళ్ళాడు, ఎన్నింటికి వచ్చాడు, ఎవరితో ఫోన్లో మాట్లాడాడు, మాట్లాడి ఎందుకు నవ్వాడు. పెరుగన్నం రెండోసారి వేసుకున్నా అనుమానమే, వేసుకోకపోయినా అనుమానమే. డిసెంబరులో ఒకరోజు ఆట నుంచి వచ్చి, బ్యాగ్ భుజాన వేసుకుని, పక్కింటి తలుపుకి తాళంచెవి పెట్టి తిప్పుతూ నిలబడ్డాడు. కిటికీలోంచి చూసిన దమయంతమ్మగారు గంతేసినంత పని చేశారు. "తాగొచ్చాడే విజయా! ఇల్లు కూడా గుర్తుపట్టలేకపోతున్నాడు!"

"మంచు పడితే ఈ ఇళ్ళన్నీ ఒక్కలాగే ఉంటాయమ్మా. నేనే తికమకపడతాను," అని కూతురు కొట్టిపారేసింది. కొట్టిపారెయ్యదూ మరి! నిప్పు లేనిదే పొగ రాదని చెబితే వినే కాలమా ఇది?

జనవరి ఆఖర్లో వ్యవహారం ముదిరింది. బయటి ఊళ్ళో ఏదో మ్యాచ్ ఆడి వచ్చినప్పట్నుంచీ వాడు ప్రాక్టీసుకి వెళ్ళి రావడం, గదిలో పడుకోవడం, అంతే. కిటికీకి దుప్పటి కప్పేశాడు. పప్పన్నం మీద పడి తినేవాడు కంచం పక్కకి నెట్టేస్తున్నాడు. బాత్రూమ్‌లోంచి వాంతి చేసుకుంటున్న చప్పుడు. దమయంతమ్మగారు బట్టలుతికే వంకన కిందికి దిగి, బుట్టలోంచి వాడి చొక్కా తీసి వాసన చూశారు. మందు వాసన లేదు, సిగరెట్టు కంపు లేదు. దాంతో భయం ఇంకా ఎక్కువైంది. వాసన రాని మత్తులు కూడా ఉంటాయని టీవీలో చూశారావిడ.

అక్కడితో ఆగినా బావుండేది. జాహ్నవి స్కూల్ బస్సు దిగి, బ్యాగ్ సోఫాలో పడేసి, నేరుగా బేస్‌మెంట్‌లోకి దిగి తలుపేసుకోవడం మొదలుపెట్టింది. తల్లీతండ్రీ ఇంకా ఆఫీసుల్లోనే ఉంటారా సమయంలో. దమయంతమ్మగారు గోరుచిక్కుళ్ళ గిన్నె ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. తలుపు కింద వెలుతురు లేదు. లోపల పిల్ల గుసగుసగా ఏవో మాటలు ఒక్కొక్కటే చెబుతోంది, వాడు ఆగి ఆగి తిరిగి చెబుతున్నాడు. మధ్యలో తప్పినట్టున్నాడు, పిల్ల మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. ఒకసారి వాడు ఏడ్చినట్టు కూడా వినిపించింది. ఆవిడ చేతిలో గోరుచిక్కుడు చేతిలోనే ఉండిపోయింది.

పిల్లని వెంటనే నిలదియ్యలేదు. హాస్టల్లో ఆవిడ నేర్చుకున్న మొదటి పాఠమది: ముందే అడిగితే జాగ్రత్తపడిపోతారు. అన్నీ చూసుకుని, పెద్దవాళ్ళ ముందు ఒకేసారి బయటపెట్టాలి. గురువారం సాయంత్రం కూతురూ అల్లుడూ ఇంటికి రాగానే హాల్లో కూర్చోబెట్టి, దుప్పటి కప్పిన కిటికీ దగ్గర్నుంచి గుసగుసల దాకా మొత్తం చెప్పేశారు. జాహ్నవి ఎదురుగానే నిలబడి ఉంది.

"చీకటి గదిలో వాడితో ఏం పనే నీకు?" అంది విజయశ్రీ.

జాహ్నవి అమ్మమ్మ వైపు తిరిగింది. "అమ్మమ్మా, నువ్వు నన్ను స్పై చేస్తున్నావా?"

"అవునే. చూస్తూ ఊరుకోమంటావా?"

పిల్ల బేస్‌మెంట్ మెట్ల వైపు ఓసారి చూసింది. తర్వాత ఇటు తిరిగి, "ఓకే. ఐ లైక్ హిమ్. అంతే. హ్యాపీ?" అంది.

విజయశ్రీ తల పట్టుకుంది. తన మాటే నిజమైనా దమయంతమ్మగారికి సంతోషం కలగలేదు. ఇంత తేలిగ్గా ఒప్పుకున్న పిల్లని హాస్టల్లో ఆవిడ ఏనాడూ చూడలేదు. అమర్‌నాథ్ మొహం ఎర్రగా కందిపోయింది. ఫోన్ తీశాడు. "కోచ్‌కి చెప్పి ఇవాళే వేరే ఇంటికి మార్పిస్తాను."

"నో డాడీ! సాటర్డే దాకా ఆగు, ప్లీజ్!" అని పిల్ల ఆయన చెయ్యి పట్టుకుని బావురుమంది. శనివారం ఆట చూడ్డానికి పెద్ద టీముల మనుషులు వస్తున్నారు. ఆ రోజు ఎలా ఆడతాడన్న దాని మీదే డ్రాఫ్ట్‌లో పేరొచ్చేదీ రానిదీ తేలుతుందని ఇంట్లో అందరికీ తెలుసు.

అప్పుడే రాడిమ్ మెట్లెక్కి వచ్చాడు. ఒక చెయ్యి గోడ మీద. హాల్లో దీపం కళ్ళలో పడగానే రెండో చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. జాహ్నవి "డోంట్!" అని అరిచింది. వాడు వినిపించుకోలేదు. నిలబడే, ఆగి ఆగి, తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. విజయశ్రీ ముక్కలు ముక్కలుగా తల్లికి తెలుగులో చెప్పింది.

జాహ్నవి చెప్పింది అబద్ధం. ఆ బయటి ఊరి మ్యాచ్‌లో వాడి తల గోడకి కొట్టుకుంది. లేచి మళ్ళీ ఆడాడు, ఎవరికీ చెప్పలేదు. చెబితే పక్కన కూర్చోబెడతారు, శనివారం పోతుంది. కానీ ప్రాక్టీసులో తడబడుతుంటే ట్రైనర్‌కి అనుమానం వచ్చి, రేపు శుక్రవారం బుర్ర పరీక్ష పెడతానన్నాడు. కొన్ని మాటలు చూపిస్తారు, గుర్తుంచుకుని చెప్పాలి. వాడికి అయిదు మాటలు కూడా బుర్రలో నిలవడం లేదు. జాహ్నవి రోజూ కూర్చుని అలవాటు చేయిస్తోంది, అంతే. వాడి గుట్టు బయటపడకుండా ఆ పిల్ల తన పరువు అడ్డం పెట్టింది.

"షీ ఈజ్ గుడ్ గర్ల్," అన్నాడు చివర్లో, దమయంతమ్మగారి వైపు చూసి.

ఇంకేం అడుగుతారావిడ! ముందు కారు తియ్యమన్నారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒకటే అడిగింది: ఎప్పట్నుంచి, ఎలా? రాడిమ్‌కి సగం గుర్తు లేదు. జాహ్నవికి ఈ నాలుగు రోజులదే తెలుసు. మిగిలింది దమయంతమ్మగారు. వాంతులూ, కంచం నెట్టెయ్యడం, వెలుతురు పడకపోవడం, అన్నీ చెబుతుంటే మనవరాలు ఇంగ్లీషులో అప్పజెప్పింది. మాటల్లో మాటగా డిసెంబరులో పక్కింటి తాళం సంగతి కూడా వచ్చేసింది. అది వినగానే డాక్టరమ్మ రాయడం ఆపి, ఆ రోజు గురించి రాడిమ్‌ని గుచ్చి గుచ్చి అడిగింది. ఆ రోజు కూడా ఆటలో తలకి దెబ్బ తగిలిందట. ఏదో చిన్నదే కదా అనుకున్నాడట.

ఒకసారే అయితే కొన్ని వారాల విశ్రాంతితో సరిపోయేదేమో. మొదటిది మానకుండానే రెండోది తగిలిందంటే ఈ సీజన్‌కి ఆట లేదని, ఆ తర్వాతా ఆడమని తను చెప్పలేనని, శనివారం ఆడి ఇంకొక్క దెబ్బ తగిలితే అసలు మనిషే దక్కకపోవచ్చని డాక్టరమ్మ తేల్చేసింది. జూన్‌లో ఏ టీమూ రాడిమ్ పేరు పిలవలేదు. పిలవరని ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ అప్పుడే అర్థమైపోయింది. వాడు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. వాడి ఆట తన నోటి మాటతోనే పోయిందని దమయంతమ్మగారికి తెలుస్తూనే ఉంది. ప్రాణం దక్కిందన్న మాట కూడా ఆ నిమిషంలో ఆవిడకి ఓదార్పు కాలేదు.

డాక్టరమ్మ వెళ్ళబోతూ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి ఏదో అంది. జాహ్నవి తెలుగులో చెప్పింది. "కన్నతల్లి కూడా ఇంత కనిపెట్టుకుని ఉండదంటోంది అమ్మమ్మా. నీకు వాడంటే చాలా ప్రేమ కదా అని అడుగుతోంది."

"ప్రేమా!" అన్నారు దమయంతమ్మగారు. "దొంగని పట్టుకుందామని చూశానే తల్లీ. ఒక్క రోజు కూడా వాణ్ణి మంచి కళ్ళతో చూళ్ళేదు. ఉన్నదున్నట్టు చెప్పు ఆవిడకి."

రాడిమ్ మొహం మీంచి చేతులు తీశాడు. అమ్మమ్మ ఏమందని జాహ్నవిని అడిగాడు.

జాహ్నవి ఆవిడ వైపు ఒకసారి చూసింది.

"షీ సెడ్ యెస్."

ఆ ముక్కకి దమయంతమ్మగారికి తెలుగు అక్కర్లేదు. రాడిమ్ చెయ్యి చాచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. కాదని చెప్పబోయి, ఆవిడ తన రెండో చెయ్యి దాని మీద వేశారు.